ఆలోచన తప్పని తెలుస్తోంది, మనసు మాత్రం ఒప్పుకోవట్లేదు. సీబీటీ చేయించుకున్నవాళ్లు చెప్పండి

కందుకూరు_టీచర్

అందరికీ నమస్కారం. నేను కందుకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్తాను. కొన్ని నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదు. ఆదివారం సాయంత్రమైతే చాలు, గుండెదడ మొదలవుతుంది. నెల్లూరులో సైకియాట్రిస్టుకు చూపించుకుంటే ఒక మందు రాసి, సైకాలజిస్టును కూడా కలవమన్నారు. ఆ మేడమ్ సీబీటీ మొదలుపెట్టారు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారట. నోటుబుక్కులో గడులు గీయించారు. ఏం జరిగింది, ఆ క్షణంలో వచ్చిన ఆలోచన ఏమిటి, దాన్ని ఎంత శాతం నమ్ముతున్నాను, ఎలా అనిపించింది, అది నిజమనడానికి ఆధారం ఏమిటి, కాదనడానికి ఏమిటి, అంతా రాశాక ఇప్పుడు ఎంత నమ్ముతున్నాను. ఇవీ గడులు.

నిన్న రాసింది ఇక్కడ పెడుతున్నాను.

ఏం జరిగింది: స్టాఫ్ రూములోకి వెళ్లగానే ఇద్దరు టీచర్లు మాట ఆపేశారు.
ఆలోచన: నా గురించే మాట్లాడుకుంటున్నారు. నాకు క్లాసు కంట్రోల్ చేయడం రాదని అందరికీ తెలిసిపోయింది. 90 శాతం.
అనిపించింది: సిగ్గు, భయం.
నిజమనడానికి: నన్ను చూడగానే ఆపారు.
కాదనడానికి: వాళ్లేం మాట్లాడుకున్నారో నేను వినలేదు. మధ్యాహ్నం వాళ్లలో ఒకామె తన బాక్సులోంచి నాకు గోంగూర పచ్చడి వేసింది.
ఇప్పుడు: 85 శాతం.

ఇదీ నా బాధ. కాదనడానికి ఆధారాలు రాస్తాను, చదువుకుంటాను, కానీ ఎవరో వేరే మనిషి గురించి రాసినట్టుంటుంది. మావారు "ఊరికే ఆలోచిస్తున్నావు, పాజిటివ్‌గా ఉండు" అంటారు. అత్తయ్య ఈసారి రొట్టెల పండక్కి నెల్లూరు పోయి ఆరోగ్య రొట్టె పట్టుకుందాం అంటోంది. ఎవరి మాటా కాదనలేను. కానీ ఈ నోటుబుక్కు నిజంగా పనిచేస్తుందా? చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రొయ్యల_గుంట (విడవలూరు వైపు)

అక్కా, నమస్తే. నేను చేయించుకున్నా. పనిచేసింది. కాకపోతే నోటుబుక్కు ఒక్కటే పనిచేయలేదు.

నాది రొయ్యల సాగు. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి ఒక పంట మొత్తం పోయింది. ఆ తర్వాతి పంట నుంచి నాకు నిద్ర లేదు. గంటకోసారి లేచి గట్టు మీదికి పోయేవాణ్ణి. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ తిరుగుతున్న శబ్దం వినిపిస్తున్నా సరే, వెళ్లి కళ్లతో చూడాల్సిందే. కరెంటు పోతే జనరేటర్ వేయడానికి పనిమనిషి అక్కడే ఉంటాడు, అయినా నమ్మకం లేదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే "ఈ పాటికి గుంటలో రొయ్యలన్నీ చచ్చి తేలిపోయి ఉంటాయి" అని ఒకటే ఆలోచన. బీపీ పెరిగింది. ఆ బీపీ చూసిన డాక్టరే మానసిక వైద్యుడి దగ్గరికి పొమ్మన్నాడు.

సైకాలజిస్టు ఏమంటాడో అని పోయా. "భయపడకు" అంటాడనుకున్నా. ఆయన అట్టా అనలేదు. రాత్రి గుంటలో ఏమవుతుందో నన్నే అడిగి చెప్పించుకున్నాడు. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కదా, ఆ టైములో చూసుకోవడం రైతు పని, అది మానొద్దన్నాడు. మిగతా సార్లు పోయినప్పుడు ఏం చూశావు, ఏం చేశావు, రాసుకుని రా అన్నాడు. రాస్తే ప్రతిసారీ ఒకటే వచ్చింది. పోయా, ఏరేటర్లు తిరుగుతున్నాయి, తిరిగొచ్చా.

అప్పుడు చెప్పాడు: "నువ్వు చూసొచ్చిన ప్రతిసారీ నీ మనసు, గుంట బాగుంది కాబట్టి బాగుందనుకోవట్లేదు. నువ్వు చూశావు కాబట్టి బాగుంది అనుకుంటోంది. అందుకే గంటకే మళ్లీ భయం." ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. తర్వాత ఒక వారం రాత్రి ఒక్కసారి మాత్రమే పోవడం. పోకముందే "ఏమవుతుందనుకుంటున్నావు" అని రాసి, పొద్దున "ఏమైంది" అని రాయడం. మొదటి రెండు రాత్రులూ ప్రాణం పోయినట్టుంది. వారం చివరికి నిద్ర పట్టింది.

నేను ఆయనకు ఒకటి చెప్పా, ఆయనకు నచ్చింది కూడా. గుంటలో రొయ్యల్ని చూసుకోవడానికి దించే చెక్ ట్రేలో ఒక చచ్చిన రొయ్య కనపడితే మనం గుంట మొత్తం పోయిందని రొయ్యలన్నీ పట్టేసెయ్యం. ఇంకో ట్రే లేపుతాం, నీళ్లు టెస్టు చేయిస్తాం, ల్యాబుకి పంపుతాం. ఆలోచన వచ్చినప్పుడు కూడా అంతే చెయ్యాలక్కా. నోటుబుక్కులో రాసింది ఒక ట్రే. ఇంకా లేపి చూడాల్సినవి ఉంటాయి.

ఒంగోలు_సైకాలజిస్టు

కందుకూరు మేడమ్ గారూ, నేను ఈ పనిలోనే ఉన్నాను. ముందుగా ఒక మాట. ఇక్కడ మీకు చికిత్స చేయడం సరికాదు, మీ సైకాలజిస్టు ఉన్నారు. నేను చెప్పేది ఆవిడతో మాట్లాడుకోవడానికి పనికొస్తే చాలు.

మీరు రాసిన గడులు బాగున్నాయి. కానీ మీరు పరీక్షించిన ఆలోచన వేరు, మిమ్మల్ని భయపెడుతున్న ఆలోచన వేరు అని నాకు అనిపిస్తోంది. మీ ఆలోచన తీసుకుని "సరే, అదే నిజమైతే ఏమవుతుంది?" అని అడుగుతూ పోండి. వాళ్లు నా గురించే మాట్లాడుకున్నారు. అయితే? నాకు చేతకాదనుకుంటారు. అనుకుంటే? హెచ్ఎం గారికి చెప్తారు. చెప్తే? ఇలా కిందికి దిగుతూ పోతే, ఎక్కడో ఒకచోట కళ్లలో నీళ్లు తిరిగే వాక్యం వస్తుంది. అసలైన ఆలోచన అది. మీ 90 శాతం దానిది. గోంగూర పచ్చడి పై వాక్యానికి జవాబు చెప్తుంది గానీ, కింది వాక్యానికి చెప్పలేదు. అందుకే 85 దగ్గర ఆగిపోయారు.

ఈ పద్ధతికి దారి వేసినవారు ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఉండేవారు. ఆయన నేర్చుకున్నది ఫ్రాయిడ్ దారి, మనసు లోతుల్లో దాగిన కోపాలను వెతికే దారి. 1960లలో డిప్రెషన్ ఉన్న పేషెంట్లతో మాట్లాడుతుండగా ఆయన గమనించింది వేరు. మాట్లాడే మాటల వెనకాల, ఎవరూ పిలవకుండానే, చిన్న చిన్న వాక్యాలు టకటకా వచ్చి పోతున్నాయి. "ఈయనకు నేను విసుగు పుట్టిస్తున్నాను", "నా వల్ల కాదు". పేషెంటు వాటిని ఆలోచనలని కూడా అనుకోడు, ఉన్న సంగతే అనుకుంటాడు. బెక్ వాటిని పట్టుకోవడం, రాయడం, ఆధారాలతో తూచడం నేర్పారు. అంతకు కొన్నేళ్ల ముందే, 1955 ప్రాంతంలో, ఆల్బర్ట్ ఎల్లిస్ అనే అమెరికన్ సైకాలజిస్టు దాదాపు ఇదే వైపు నడిచారు. ఎల్లిస్ పేషెంటుతో గట్టిగా వాదించేవారు. బెక్ ప్రశ్నలు అడిగేవారు. నాకు బెక్ దారే ఇష్టం. మన జిల్లాల్లో మనిషికి ఎదురు వాదిస్తే తల ఊపి వెళ్లిపోతారు, మళ్లీ రారు. ప్రశ్న అడిగితే ఆలోచిస్తారు. బెక్ 2021లో, నూరేళ్లు నిండాక పోయారు. చివరి దాకా పని చేశారు.

ఇంకొకటి. 90 నుంచి 85కి రావడం మీకు ఓటమిలా కనపడుతోంది. పూర్తిగా పోతేనే పనిచేసినట్టు, లేకపోతే లేనట్టు అనుకోవడం కూడా మనం పట్టుకోవాల్సిన వక్రపు ఆలోచనల్లో ఒకటే.

పెన్నాగట్టు_నర్సమ్మ

అమ్మా టీచరమ్మా, నేను నెల్లూరులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. రొట్టెల పండక్కి తప్పకుండా వెళ్లు తల్లీ. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టె అందుకున్నవాళ్లకు ఎంత ధైర్యం వస్తుందో నేను కళ్లారా చూశాను. నీ కోసం అత్తగారు రొట్టె పట్టుకుంటానందంటే నీ మీద ఎంత ప్రేమ ఉందో చూడు. కానీ మందు మానకు. ఈ మందులు పనిచేయడం మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండు వారాలు వేసుకుని "ఏం తేడా లేదు" అని ఆపేసినవాళ్లు, కొంచెం బాగుపడగానే ఒక్కసారిగా ఆపేసి మళ్లీ పడిపోయినవాళ్లు, ఇద్దరినీ చాలామందిని చూశాను. తగ్గించాలన్నా ఆపాలన్నా డాక్టరునే అడుగు.

కొండపి_రైతుబిడ్డ

అందరూ చదువుకున్నవాళ్లు, బాగా చెప్తున్నారు. నాకు మాత్రం ఒక సందేహం ఉంది, కోపం కూడా ఉంది.

మాది పొగాకు. ఆకు కాల్చే బ్యారన్ మా నాయనకు సొంతంగా ఒకటి ఉంది, దానికి తోడు ఇంకొకటి కౌలుకు తీసుకున్నాడు. కూలి రేట్లు పెరిగాయి, బ్యారన్‌లో కాల్చే పుల్ల ఖర్చు పెరిగింది. వేలంలో మా బేళ్లు కొన్ని ఎవరూ పాడక, నోబిడ్ అయి ఇంటికొచ్చాయి. బ్యాంకు అప్పు ఉంది, బయట వడ్డీ అప్పు ఉంది. ఆయన ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. అరుగు మీద కూర్చుని ఉంటాడు. నేను ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోతే "ఆలోచనలు మార్చుకోండి" అన్నారు. మా ఇంట్లో ఆలోచనల్లో ఏ వంకరా లేదు. అప్పు ఉంది. గడులు గీసి రాస్తే అప్పు తీరుతుందా? మనిషి కష్టాన్ని మనిషి బుర్ర మీదికి నెట్టేయడం కాదా ఇది?

ఒంగోలు_సైకాలజిస్టు

మీ కోపం న్యాయమైనదే. అప్పు ఉన్న మనిషికి "పాజిటివ్‌గా ఆలోచించు" అని చెప్పినవాళ్లు సీబీటీ చెప్పలేదు. నిజమైన ఆలోచనను అబద్ధమని నిరూపించడానికి మేం ప్రయత్నించం. "అప్పు ఉంది" అన్నది ఆలోచన కాదు, లెక్క. దానికి చేయాల్సింది బ్యాంకుకు పోయి రీషెడ్యూల్ అడగడం, బయటి వడ్డీల్లో ఏది ముందు తీర్చాలో చూసుకోవడం, వచ్చే ఏడు కౌలు బ్యారన్ వద్దనుకోవడం లాంటి పనులు. ఆ పనులను విడగొట్టి, ఒక్కొక్కటి వారానికి ఎంత చేయగలమో చూసి చేయించడం కూడా ఈ థెరపీలో భాగమే.

కానీ అప్పు పక్కనే ఇంకో వాక్యం వచ్చి కూర్చుంటుంది. మీ నాయన ఏమంటుంటారు? అప్పు గురించి కాదు, తన గురించి.

కొండపి_రైతుబిడ్డ

"నా వల్లే ఇల్లు మునిగింది" అంటాడు. ఎక్కువగా అదే. "నేను లేకపోతే మీకు బరువు తగ్గుద్ది" అని మొన్న అమ్మతో అన్నాడంట.

పెన్నాగట్టు_నర్సమ్మ

నాయనా, ఆ రెండో మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఈ రాత్రే ఆయన పక్కన కూర్చుని నేరుగా అడుగు, "నాయనా, చచ్చిపోవాలని అనిపిస్తోందా" అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని జనం భయపడతారు. అది నిజం కాదు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. ఆయన్ను ఒంటరిగా ఉంచకండి. పొలం మందులు ఇంట్లో ఉంటే ఆయనకు అందకుండా తాళం వేయండి, కుదిరితే వేరే ఇంట్లో పెట్టించండి. 14416కి ఫోన్ చెయ్యి. టెలీమానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. ఆయన మాట్లాడనంటే నువ్వు మాట్లాడు. రేపు పొద్దున్నే ఆసుపత్రిలో సైకియాట్రిస్టుకు చూపించు, ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పు.

వేదిక నిర్వాహకులు

పై పోస్టును అందరికీ కనపడేలా పైన ఉంచుతున్నాం. కొండపి తమ్ముడికి విడిగా మెసేజ్ పంపాం. తమ్ముడూ, ఏ టైములోనైనా రాయి.

కొండపి_రైతుబిడ్డ

అడిగాను. అడగ్గానే ఏడ్చాడు. "అనిపిస్తా ఉంటది, కానీ మీ అమ్మ ఏమైపోద్దో అని ఆగా" అన్నాడు. మా నాయన ఏడవడం నేను చిన్నప్పటి నుంచి చూడలేదు. 14416కి నేనే చేశాను, తర్వాత ఆయన కూడా కాసేపు మాట్లాడాడు. ఒంగోలు తీసుకుపోయాం. మందు మొదలుపెట్టారు, మళ్లీ వారానికి రమ్మన్నారు. పొలం మందుల డబ్బాలు మా బాబాయి వాళ్లింట్లో పెట్టాం.

నర్సమ్మ గారూ, మీకు ఎట్టా చెప్పాలో తెలియడం లేదు.

సైకాలజిస్టు గారూ, ఇప్పుడు అడుగుతున్నా. "నా వల్లే ఇల్లు మునిగింది" అనే మాటకు ఏం చెయ్యాలి? నేను "కాదులే నాయనా" అంటే ఆయన వినడు.

ఒంగోలు_సైకాలజిస్టు

మీరు చేసింది చాలా పెద్ద పని. ఆ ఒక్క రాత్రి మిగతా అన్నింటికంటే ముఖ్యం.

మీరు అడిగిన మాటకు వస్తే, "కాదులే" అంటే ఆయన వినరు, వినకపోవడంలో తప్పు లేదు. ఎందుకంటే అందులో ఆయన వంతు కొంత నిజంగానే ఉండొచ్చు. కౌలు బ్యారన్ తీసుకున్నది ఆయనే. అందుకే మేం వంతులు వేయిస్తాం. ఒక గుండ్రం గీసి, ఈ నష్టానికి కారణాలన్నీ ఆయన నోటితోనే చెప్పించండి. ఆయన పేరు చివర్లో రాయాలి, ముందు రాయకూడదు. అదొక్కటే నియమం. ముందు రాస్తే గుండ్రం అంతా ఆయనే తీసేసుకుంటారు.

వాన వంతు ఎంత? కొనేవాళ్లు ఆ గ్రేడుకు రేటు పెట్టకపోవడం వంతు ఎంత? కూలి, పుల్ల, వడ్డీ? మండెలో, అంటే పేర్చిన కుప్పలో, రంగు తిరిగిన ఆకు ఎంత? ఆయన అంకెలే వేయనివ్వండి, మీరు సరిదిద్దొద్దు. అన్నీ అయ్యాక మిగిలిన ముక్క ఆయనది. ఆ ముక్క సున్నా కాదు, వంద కూడా కాదు. ఆ ముక్క గురించి వచ్చే ఏడు ఏదైనా చేయొచ్చు. మిగతా గుండ్రం ఆయన మోయాల్సింది కాదు.

కాకపోతే ఇప్పుడే వద్దు. మందు కాస్త పనిచేసి, తిండీ నిద్రా కుదిరాక, అక్కడి సైకాలజిస్టుతో కలిసి చేయండి. మనిషి బాగా కుంగిపోయి ఉన్నప్పుడు ఆలోచనలతో మొదలుపెట్టం. ముందు చిన్న చిన్న పనులు చేయిస్తాం. పొద్దున్నే గేదెలకు నీళ్లు పెట్టడం, సాయంత్రం రచ్చబండ దాకా నడవడం. బుద్ధి పుట్టాక చేద్దామని కాకుండా, చేస్తుంటే బుద్ధి పుడుతుందని ఇందులో బాగా పరిశోధన జరిగింది.

మార్కాపురం_ప్రిపరేషన్

ఈ చర్చ మొత్తం చదివాను. నేను గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. ప్రిలిమ్స్ పోయిన ప్రతిసారీ నా బుర్రలో ఒకటే మాట, "నేనొక వేస్ట్ గాణ్ణి". దీనికి కూడా గడులు గీయాలా?

రొయ్యల_గుంట

తమ్ముడూ, పరీక్ష పోయింది. అది జరిగిన సంగతి. వేస్ట్ గాడు అన్నది నువ్వు నీ మీద వేసుకున్న ముద్ర. ముద్ర వేసుకుంటే చేయడానికి ఏమీ మిగలదు. "ఎకానమీలో తక్కువ వచ్చాయి" అంటే చేయడానికి పని ఉంటుంది. మా సైకాలజిస్టు నాతో ఒకటి చేయించాడు. ఇదే కష్టం నీ స్నేహితుడికి వస్తే వాడితో ఏమంటావో అది రాయి అన్నాడు. ఎంత కోపంలో ఉన్నా, పంట పోయిన సాటి రైతుతో "నువ్వు వేస్ట్" అని నేను అనను. మరి నాతో నేను ఎందుకంటున్నా?

ఒంగోలు_సైకాలజిస్టు

సరిగ్గా చెప్పారు. మార్కాపురం తమ్ముడూ, "ప్రతిసారీ" అన్నావు కదా, అలాంటి మాటలను గమనించు. ఎప్పుడూ, ఎవ్వరూ, అంతా, ఖచ్చితంగా, "చేసి తీరాలి". ఇవి వచ్చాయంటే దాదాపుగా అక్కడ ఒక సాగదీత ఉంటుంది. ఇలాంటి వక్రపు ఆలోచనలకు పేర్లున్నాయి గానీ, అవి బట్టీ పట్టనక్కర్లేదు. నేను నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఆ జాబితా ఇవ్వడం తగ్గించేశాను. జాబితా ఇస్తే "నాకు ఇన్ని రోగాలున్నాయా" అని ఇంకో బెంగ పెట్టుకుంటున్నారు. నీకు తరచుగా వచ్చే ఒకటి రెండు తెలిస్తే సరిపోతుంది.

కందుకూరు_టీచర్

అందరికీ దండాలు. కొండపి తమ్ముడూ, మీ నాయన కోసం మా ఇంట్లో అందరం మొక్కుకుంటున్నాం.

సైకాలజిస్టు గారు చెప్పినట్టు "అయితే ఏమవుతుంది" అని అడుగుతూ పోయాను. చివరికి వచ్చిన వాక్యం: "నేను పాఠం చెప్పడానికి పనికిరానని, ఇన్నేళ్లూ అందర్నీ మోసం చేశానని తేలిపోతుంది." ఇది రాసినప్పుడు చెయ్యి వణికింది. మా మేడమ్‌కు చూపిస్తే, ఇక నుంచి దీని మీదే పనిచేద్దామన్నారు.

అదే వారం హెచ్ఎం గారు "శుక్రవారం ఒకసారి కలవండి" అన్నారు. ఇదివరకైతే ఆ రోజు సెలవు పెట్టేసేదాన్ని. మేడమ్ చెప్పినట్టు ముందుగానే రాసుకున్నాను. ఏమవుతుందనుకుంటున్నాను: ఉద్యోగం తీసేస్తారు, 80 శాతం. అలా అయితే ఏం చేస్తాను: ఆ నెల జీతం, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ అడుగుతాను, సింగరాయకొండలో ఉన్న స్నేహితురాలి స్కూల్లో కనుక్కుంటాను. ఈ రెండోది రాశాక భయం కాస్త తగ్గింది, ఎందుకో తెలియదు.

శుక్రవారం వెళ్లాను. తొమ్మిదో తరగతి నోట్సులు దిద్దడం ఆలస్యమవుతోందని ఒక పేరెంట్ ఫిర్యాదు చేశారట. అది నిజమే. పది రోజుల్లో పూర్తి చేయమన్నారు. తర్వాత సంక్రాంతి ముగ్గుల పోటీ చూసుకోమన్నారు. అంతే.

ఫిర్యాదు ఉంది. ఉద్యోగం పోలేదు. నోటుబుక్కులో రెండూ రాశాను.

ఒంగోలు_సైకాలజిస్టు

రెండూ రాయడం బాగుంది. ఫిర్యాదు సంగతి వదిలేసి "చూశారా, ఏమీ కాలేదు" అని మాత్రమే రాసుంటే, రేపు నిజంగా ఫిర్యాదు వచ్చిన రోజు నోటుబుక్కు మీద నమ్మకం పోయేది. "అలా అయితే ఏం చేస్తాను" అని రాశాక భయం ఎందుకు తగ్గిందంటే, ఆందోళనలో మనిషి రెండు లెక్కలు తప్పు వేస్తాడు. ఆపద వచ్చే అవకాశాన్ని ఎక్కువ చేస్తాడు, దాన్ని తట్టుకునే తన శక్తిని తక్కువ చేస్తాడు. మీరు రెండో లెక్కను సరిచేశారు.

ఇలాగే సాగనివ్వండి. మామూలుగా వారానికొకసారి చొప్పున పన్నెండు నుంచి ఇరవై సార్లు కూర్చోవాల్సి వస్తుంది. మనిషిని బట్టి, బాధను బట్టి మారుతుంది. మధ్యలో ఒక వారం మళ్లీ పాత భయం వస్తే చికిత్స చెడిందని అనుకోవద్దు.

దర్శి_లక్ష్మి

నేను కొత్తగా చేరాను. ఈ చర్చ చదివి ధైర్యం చేసి రాస్తున్నాను. మా అమ్మకు పానిక్ వస్తుంది, అంటే ఉన్నట్టుండి విపరీతమైన భయం, గుండెపోటు అనుకుని రాత్రుళ్లు ఆటో పెట్టుకుని పరిగెత్తుతాం. ఈసీజీ అన్నీ బాగున్నాయి. అమ్మకు చదవడం, రాయడం రాదు. మరి ఆమెకు ఈ గడులు ఎట్టా? ఇంకోటి, సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకున్నవాళ్లందరూ ఒకటేనా?

ఒంగోలు_సైకాలజిస్టు

లక్ష్మి గారూ, గడులు కాగితం మీదే ఉండాలని లేదు. రాయడం రానివాళ్లతో మేం మాటల్లోనే చేస్తాం. పానిక్‌లో మీ అమ్మగారు అనుకునేది "గుండె ఆగిపోతోంది" అని. గుండె కొట్టుకోవడం వినగానే భయం, భయం వల్ల ఇంకా వేగంగా కొట్టుకోవడం, అది విని ఇంకా భయం. థెరపీలో కావాలనే కొంచెంసేపు మెట్లు ఎక్కించి, గుండె వేగం పెంచి, అది తనంతట తానే నెమ్మదించడం ఆమెకే చూపిస్తాం. ఒకసారి అనుభవమైతే వంద మాటల కంటే ఎక్కువ పట్టుకుంటుంది. అయితే ఇది గుండె డాక్టరు "గుండెకు ఏమీ లేదు" అని తేల్చాకే, తెలిసినవాళ్ల దగ్గరే చేయాలి. మీరు ఇంట్లో చేయించొద్దు. ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటి ఉంది. పానిక్ తగ్గాక, "అమ్మా, మొదలవగానే నీకు మనసులో ఏమనిపించింది" అని అడిగి, ఆమె చెప్పిన మాటలు అలాగే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. సైకాలజిస్టు దగ్గరికి అది తీసుకెళ్లండి.

బోర్డుల సంగతి. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అడగండి, అడిగితే చెప్పాలి. "మీరు సీబీటీ ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నిసార్లు రావాలి, బాగవుతోందని ఎట్టా తెలుస్తుంది" అని కూడా అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లండి. మొదటిరోజే నయం చేస్తామని మాట ఇచ్చేవాళ్ల దగ్గర ఆగొద్దు.

పెన్నాగట్టు_నర్సమ్మ

లక్ష్మమ్మా, ఇన్సూరెన్స్ ఉంటే అది కూడా కనుక్కో తల్లీ. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బుకు ఎట్టా ఇస్తారో మనసు జబ్బుకు కూడా అట్నే ఇవ్వాలి. వయసైన అమ్మ బస్సులో తరచుగా రాలేకపోతే వీడియోలో చూసే సైకాలజిస్టులు ఉన్నారు, మొదటి ఒకటి రెండు సార్లు మాత్రం నేరుగా తీసుకుపో. ఎప్పుడు బయల్దేరుతున్నారో ఇక్కడ రాయి, ఒంగోల్లో ఏ కౌంటరు దగ్గర చీటీ రాయించుకోవాలో కొండపి పిల్లాడు చెప్తాడు, వాళ్లు ఇప్పుడు వారం వారం పోతున్నారు.

కొండపి_రైతుబిడ్డ

చెప్తానక్కా. పొద్దున తొమ్మిదింటికల్లా చేరితే క్యూ తక్కువగా ఉంటుంది. ఈసీజీ కాగితాలు, పాత చీటీలు, అమ్మ ఆధార్ తెచ్చుకో. మేం ఈ గురువారం వస్తున్నాం, మా నాయన కూడా ఉంటాడు. మీరు కూడా ఆ రోజే పెట్టుకుంటే కలిసి కూర్చోవచ్చు.